వింటికి వెదురు వెన్ను

సీతమ్మవారి పెళ్ళి కథలో మనందరికీ నచ్చే ఘట్టం విల్లు విరగడం. ఫెళ్ళుమని చప్పుడైంది, జనకమహారాజు ముఖం వికసించింది, పెళ్ళిపనులు మొదలయ్యాయి. హరికథ చెప్పే దాసుగారు ఆ చప్పుడు దగ్గర కాసేపు ఆగి మరీ మనచేత చప్పట్లు కొట్టించుకుంటారు. ఆ సంతోషంలో ఒక్కణ్ణి మాత్రం ఎవరం తలుచుకోం. ఆ విల్లు చేసినవాణ్ణి. వాల్మీకి లెక్క ప్రకారం ఆ శివధనుస్సూ, తరవాత పరశురాముడు పట్టుకొచ్చిన వైష్ణవధనుస్సూ రెండూ విశ్వకర్మ చేసినవే. పాపం, ఆయనకి ఎలా ఉండి ఉంటుందో! విల్లు చేసేవాడు జన్మలో వినకూడదనుకునే చప్పుడు అదొక్కటే గదా.

విశ్వకర్మ ఏ పనిముట్లు వాడాడో పురాణం చెప్పలేదు. మనుషులు వాడినవి మాత్రం తెలుసు. వాటి జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రాజ్యాలు గెలిపించిన ఆయుధం కాబట్టి ఏ గొప్ప ఆయుధశాలలోనో పుట్టి ఉంటుందనుకుంటాం. తీరా చూస్తే ఒక కత్తి, ఒక రంపం, ఒక బాడిస, ఒక చిత్రిక, ఒక ఆకురాయి, గిన్నెడు బంక, మోపెడు తాడు, బుట్టెడు చీలలు. సగం వడ్రంగి ఇంట్లోవి, సగం మేదరివాళ్ళ గుమ్మం ముందు కనిపించేవి. కర్రకి వెదురు అతికించి విల్లు చెయ్యాలంటే ఇవే కావాలి. ఇవి చాలు కూడా. కానీ ఆ రెండిటినీ కలపాలని తోచడానికే చాలా కాలం పట్టింది.

వెదురువిల్లు మనదేశానికి కొత్తదేం కాదు. క్రీస్తుపూర్వం 480లో పారశీక చక్రవర్తి జెర్‌క్సిస్ గ్రీసు మీదికి దండెత్తినప్పుడు ఆ సైన్యంలో మనవాళ్ళూ ఉన్నారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. నూలుబట్టలు కట్టుకున్నారట, గడతో చేసిన విల్లులూ, ఇనుపములికి ఉన్న గడబాణాలూ పట్టుకున్నారట. తరవాత మన కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఆయుధాగారం గురించి చెబుతూ విల్లులు నాలుగు రకాలన్నాడు. తాటిచెట్టువి, వెదురువి, కర్రవి, కొమ్మువి. వెంటనే నాలుగు పేర్లు చెప్పాడు. కార్ముకం, కోదండం, ద్రూణం, ధనుస్సు. ఈ రెండు వరుసల్నీ జతపరిచి చదివిన పండితుల ప్రకారం రెండోది రెండోదానికి సరిపోతుంది. అంటే కోదండం వెదురువిల్లు అన్నమాట! ఒంటిమిట్టలో కోదండరామయ్యకి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఈ సంగతి గుర్తొస్తే తప్పేం లేదు.

అల్లెతాళ్ళకి కూడా ఆయన జాబితా ఇచ్చాడు. చాగనార, జిల్లేడునార, జనుము, వెదురు, జంతువుల నరాలు. రథసప్తమినాడు నెత్తిమీద ఆకులు పెట్టుకుని స్నానం చెయ్యడానికి తప్ప మనం పట్టించుకోని జిల్లేడు ఒకప్పుడు రాజుగారి ఆయుధాగారంలో చోటు సంపాదించుకుందంటే వినడానికి బాగానే ఉంది.

అయితే కౌటిల్యుడు వెదురువిల్లునీ కర్రవిల్లునీ వేరువేరు రకాలుగానే లెక్కపెట్టాడు. కర్రకీ వెదురుకీ ఒకే వింట్లో పెళ్ళి చేసి, ఆ కాపురాన్ని ఎనిమిదివందల ఏళ్ళుగా చెదరకుండా నడిపించుకొస్తున్నవాళ్ళు జపాన్ వాళ్ళు. కాబట్టి మనం కాసేపు అక్కడికి వెళ్ళక తప్పదు.

జపాన్ విల్లు పేరు యుమి. చూడ్డానికి వింతగా ఉంటుంది. పొడుగు 221 సెంటీమీటర్లు, అంటే ఏడడుగుల పైమాటే. పట్టుకునే మనిషికంటే విల్లే ఎత్తు. దాన్ని మధ్యలో పట్టుకోరు, కిందినుంచి మూడోవంతు దగ్గర పట్టుకుంటారు. ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. మూడో శతాబ్దంలో ఒక చైనా చరిత్రకారుడు జపాన్ వాళ్ళ గురించి రాస్తూ, వాళ్ళ కర్రవిల్లులు కింద పొట్టిగా, పైన పొడుగ్గా ఉంటాయని చెప్పాడు.

ఆ విల్లు యుద్ధానికే గాక పురిటింటికి కూడా వెళ్ళేది. రాజకుటుంబంలో బిడ్డ పుడితే, స్నానం చేయించే వేళ బయట మగవాళ్ళు వరసగా నిలబడి బాణం లేకుండా ఉత్త అల్లెతాడునే లాగి వదిలేవాళ్ళు. ఆ మోతకి దుష్టశక్తులు దరికి రావని నమ్మకం. 1008లో రాకుమారుడు పుట్టినప్పుడు జరిగిన ఈ తంతుని మురసకి షికిబు అనే రచయిత్రి తన డైరీలో రాసిపెట్టింది. ‘గెంజి కథ’ రాసిన మహాతల్లి ఆవిడే. మన పురిటిగుమ్మం ముందు వేపమండలు కట్టినట్టు అనుకోండి. 2006లో రాకుమారుడు హిసహితో పుట్టినప్పుడు కూడా ఆ తంతు జరిపించారు.

అప్పట్లో ఆ విల్లు ఒంటికర్రది. ఏదో ఒక చెట్టు కొమ్మో, చీల్చిన మొద్దో తీసుకుని చెక్కిందే. ఒంటికర్రకి ఉన్న రోగం ఏమిటంటే, అది వీపు వైపునించి విరుగుతుంది. విల్లు చేసేవాళ్ళ భాషలో విల్లుకి వీపూ ఉంది, పొట్టా ఉంది. లాగేటప్పుడు మనకేసి ఉండేది పొట్ట. అవతలివైపుది వీపు. వంచినప్పుడు పొట్ట నొక్కుకుపోతుంది, వీపు సాగుతుంది. ఒక పచ్చి వేపపుల్లని నెమ్మదిగా వంచి చూడండి. ముందు పగుళ్ళిచ్చేది సాగే వైపే.  ఎక్కడో చిన్న ముడి ఉన్నా, చెక్కేటప్పుడు ఒక్క పోగు తెగినా, సరిగ్గా అక్కడే పట్టు తప్పుతుంది.

వెదురు దీనికి మందు. వెదురులో గట్టిపోగులన్నీ పైతొక్క కిందే దట్టంగా ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ పలచబడి మెత్తనవుతాయి. మేదరివాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. బుట్ట అంచుకి ఏ పొర వెయ్యాలో, అడుగుకి ఏ పొర వెయ్యాలో వాళ్ళ వేళ్ళకే తెలుసు. ఆ పైపొరని కర్ర వీపున అంటిస్తే సాగే భారమంతా వెదురు మోస్తుంది. నొక్కుకునే పని కర్రకి మిగులుతుంది. ఎవరికి చేతనైన పని వాళ్ళకి ఒప్పచెప్పడం అన్నమాట. కాపురంలో మనం చేసేదీ ఇదే కదా. లెక్కలు ఆయనకి, బేరాలు మనకి!

జపాన్ లో ఈ ఏర్పాటు 12వ శతాబ్దంలో కుదురుకుంది. మొదట వీపుకి మాత్రమే వెదురు. తరవాత పొట్టకి కూడా. ఆ తరవాత నాలుగు పక్కలా. చివరికి లోపలి కర్రలో కూడా సన్నటి వెదురుబద్దలు నిలువునా పేర్చి, ఇటూ అటూ కర్ర, పైనా కిందా వెదురు పెట్టి, పొరలు పొరలుగా కట్టడం నేర్చారు. ఒక్కొక్క మార్పుకీ తరాలు పట్టాయి.

వెదురు వెన్ను పెట్టిన విల్లులు వాడకంలోకి వచ్చిన ఆ రోజుల్లోనే, 1201లో, ఎచిగో రాష్ట్రంలో ఒక తిరుగుబాటు జరిగింది. కోట బురుజు మీద నిలబడి బాణాలు వేసిన వాళ్ళలో హంగాకు గోజెన్ అనే ఆవిడ ఉంది. మగపిల్లాడిలా జుట్టు ముడేసుకుని, కవచం తొడుక్కుని ఆమె వేసిన బాణం గురితప్పలేదనీ, విలువిద్యలో తండ్రినీ అన్నదమ్ముల్నీ మించిందనీ ఆనాటి ప్రభుత్వ చరిత్రగ్రంథమే రాసింది. వెనకవైపు కొండ మీదినుంచి తొడలకి తగిలేట్టు బాణం వేసి గానీ ఆమెని పట్టుకోలేకపోయారు. ఖైదీగా రాజధానికి తీసుకెళితే అక్కడొక వీరుడు ఆవిడని పెళ్ళి చేసుకుంటానని ప్రభువుని అడిగి మరీ చేసుకున్నాడట. విల్లు ఎక్కడున్నా చివరికి పెళ్ళి దగ్గరికే వచ్చేట్టుంది!

ఇక పనిముట్ల సంగతి. మొట్టమొదటిసారి ఇలాంటి విల్లు చేద్దామని కూచున్నవాళ్ళకి ముందుగా కావలసింది చీల్చే కత్తి. ముదురు వెదురు కావాలి, అదీ చలికాలంలో నరికింది. అప్పుడు గడలో తీపి తక్కువగా ఉంటుంది, పురుగు పట్టదు. కత్తిని గడ కొనలో పెట్టి చిన్న దెబ్బ వేస్తే చాలు, మిగతా దారి వెదురే చూసుకుంటుంది. తన పోగు వెంటే తాను చీలుతుంది. రంపంతో కోస్తే పోగులు అడ్డదిడ్డంగా తెగుతాయి. అందుకే వెదురుకి కత్తి, అడ్డంగా పొడుగు తగ్గించడానికి మాత్రమే రంపం.

రెండోది చిత్రిక. తెలంగాణలో రందా అంటారు. మన వడ్రంగి దాన్ని ముందుకి తోస్తాడు, జపాన్ వడ్రంగి తనకేసి లాక్కుంటాడు. ఎలా పట్టినా పని ఒకటే, వెదురుబద్ద లోపలివైపు చదును చెయ్యడం. లోపలి మెత్తటి భాగమంతా పోయి, మధ్యలో మూడు మిల్లీమీటర్లకి అటూ ఇటూ, కొనల దగ్గర ఇంకా పలచగా రావాలి. మందంగా ఉంచితే బలం ఎక్కువనుకోవడం మొదటిసారి చేసేవాళ్ళ భ్రమ. వెదురు మరీ బలిస్తే పొట్టన ఉన్న కర్రని నలిపేస్తుంది. వీపు బాగానే ఉండి పొట్ట నలిగిన విల్లు కూడా పనికిరానిదే.

ఇక్కడే ఈ విద్యలో అసలు నియమం ఉంది. ఎన్ని పనిముట్లున్నా సరే, వెదురు పైతొక్క కింది పోగుల మీద ఒక్కటీ పెట్టకూడదు. కణుపులు ఎత్తుగా కనిపిస్తాయి, చెయ్యి ఊరుకోదు, చెక్కేద్దామనిపిస్తుంది. చెక్కితే పోగు తెగుతుంది. పోగు తెగితే విల్లు అక్కడే విరుగుతుంది. కణుపు మీద గరుకుని తేలిగ్గా సాపు చేసి వదిలెయ్యాలి.

కర్రకి బాడిస, రెండుపిడుల కత్తి కావాలి. ముళ్ళు లేనిది, పోగు తిన్నగా నడిచేది, నీడలో నెలల తరబడి ఆరినది చూసుకోవాలి. తడికర్రతో చేసిన విల్లు వంచితే వంగిందల్లా వంగినట్టే ఉండిపోతుంది. బాడిసతో పైపైన రూపం తెచ్చి, రెండుచేతులా కత్తిని పట్టుకుని తనవైపు లాక్కుంటూ పొర పొరగా తియ్యాలి.

తరవాత బంక. పూర్వం జపాన్ వాళ్ళు జింకతోలు ఉడికించి తీసేవాళ్ళు. తోలుబంకని నేరుగా మంటమీద పెడితే మాడి పాడవుతుంది. నీళ్ళగిన్నెలో మరో గిన్నె పెట్టి వేడిచెయ్యాలి. కుక్కర్లో గిన్నె దింపేవాళ్ళకి ఇది నేర్పక్కర్లేదు. అతికించే ముఖాలు రెండూ చదునుగా ఉండాలి, జిడ్డు ఉండకూడదు. నూనెచేత్తో ముట్టుకుంటే బంక పట్టదు. ఈ బంకకి చెమ్మ పడదు. వానాకాలంలో పొరలు విడిపోతాయన్న భయంతోనే ఆ రోజుల్లో వింటికి అడుగడుగునా పేము చుట్టి, పైన లక్కలాంటి పూత వేసేవాళ్ళు. ఇవాళ మనకి అలంకారంలా కనిపించే ఆ చుట్లు ఒకప్పుడు కట్టుగుడ్డలు.

అన్నిటికంటే ముచ్చటైన పనిముట్లు తాడూ చీలలూ. బంక రాసిన పొరల్ని ఆరేదాకా ఒత్తిపట్టాలి గదా. ఇవాళైతే ఇనుప బిగింపులున్నాయి, మరలున్నాయి. అవి లేనినాడు జపాన్ పనివాళ్ళు ఏం చేశారో, ఇవాళ్టికీ క్యూషూ దీవిలోని మియాకొనోజో ఊళ్ళో చూడొచ్చు. పొరలన్నీ కలిపి తాడుతో ఈ చివరనించి ఆ చివరదాకా చుట్టేస్తారు. ఆ తాడు కింద వెదురుచీలలు ఒకటొకటే దూర్చి సుత్తితో దిగ్గొడతారు. ఒక్కొక్క వింటికి వంద పైనే పడతాయి. చీల దిగినకొద్దీ తాడు బిగుస్తుంది, పొర పొరకి అతుక్కుంటుంది. అంతేకాదు, ఏ చీల ఎంత లోతుకి దిగింది అన్నదాన్నిబట్టి విల్లు వంపు తీరుతుంది. బంక ఆరిపోయేలోపల ఈ పనంతా అయిపోవాలి. ఆ కాసేపూ ఆ మనిషిని పలకరించినా పలకడు.

చివరివి ఆకురాయి, గాజుపెంకు. విల్లుకి తాడు కట్టి, పట్టుకునే చోటుని ఒక నిలువుకొయ్య మీద ఆనించి, తాడుని కొద్దికొద్దిగా కిందికి లాగుతూ ఆ కొయ్యకి కోసిన గాట్లలో తగిలించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడాలి. ఎక్కడ ఎక్కువ వంగింది? ఎక్కడ మొరాయించింది? మొరాయించిన చోట పొట్టవైపు రెండు గీతలు గీకాలి. మళ్ళీ లాగాలి. మళ్ళీ చూడాలి. గీకింది తిరిగి అతకదు కాబట్టి తొందరపడ్డవాళ్ళకి ఈ పని అచ్చిరాదు. కొలబద్ద ఇక్కడ కొంతవరకే సాయం. ప్రతి వెదురూ వేరు, ప్రతి కర్రా వేరు. నిన్నటి వింటి కొలతలు నేటి వింటికి సరిపోవు.

ఇలా చేసిన విల్లులు ఎంత పని చేశాయో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. క్యోటోలో సంజూసంగెండో అనే గుడి ఉంది. దాని వసారా పొడుగు సుమారు 120 మీటర్లు. చూరుకి తగలకుండా ఆ చివరికి బాణం పంపడం పోటీ. 1686లో వసా దైహచిరో అనే యువకుడు ఒక రాత్రీ ఒక పగలూ కలిపి 13,053 బాణాలు వేస్తే 8,133 అవతలికి చేరాయి. నిమిషానికి తొమ్మిది బాణాలు! మనిషి ఓర్పుని అందరూ మెచ్చుకున్నారు. అన్ని వేలసార్లు వీపు సాగి, పొట్ట నొక్కుకుని మళ్ళీ నిటారుగా నిలబడ్డ వెదురుకీ కర్రకీ కూడా అందులో వాటా ఉంది. అదే గుడి ప్రాంగణంలో ఇప్పటికీ ఏటా జనవరిలో, ఇరవైయేళ్ళు నిండిన అమ్మాయిలు పట్టుకిమోనోలు కట్టుకుని, బారులు తీరి 60 మీటర్ల దూరంలోని గురికి బాణాలు వేస్తారు. ఓణీల వేడుకకి విల్లు పట్టించినట్టుంటుంది.

అయితే ఇవాళ అలాంటి పిల్లల చేతుల్లో ఉండే విల్లులు చాలావరకు గాజునారవి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో అవి వచ్చాయి. చవక, వానకి భయపడవు, ఒకటి ఎలా ఉంటే వందా అలాగే ఉంటాయి. స్కూలు పిల్లలకి అవే సౌకర్యం. వాటిని తప్పుపట్టడానికి లేదు. కాకపోతే వెదురువిల్లులు చేసేవాళ్ళ సంఖ్య తగ్గిపోయింది. జపాన్ వెదురువిల్లుల్లో అధికభాగం పుట్టే మియాకొనోజోలోనే ఒకప్పటంత మంది లేరు. 1994లో అక్కడి ప్రభుత్వం ఆ పనిని సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. గుర్తింపుపత్రం గోడకి వేలాడుతుంది. చీల ఎంత లోతుకి దిగాలో చెప్పే చెయ్యి మాత్రం మరో చేతిని చూసే నేర్చుకోవాలి. పనిముట్లని గాజుబీరువాలో దాచొచ్చు, ఆ చూపుని దాచలేం.

మనదేశంలోనూ కథ ఇలాంటిదే. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారుపతకాలు తెచ్చినప్పుడు ఆమె చేతిలో ఉన్నది లోహమూ కప్పీలూ ఉన్న యంత్రంలాంటి విల్లు. అయినా మన జాతీయ పోటీల్లో ‘ఇండియన్ రౌండ్’ అని ఒక విభాగం మిగిలే ఉంది. అందులో వెదురువిల్లుతోనే 50, 30 మీటర్ల దూరాలకి గురిపెడతారు. రాంచీలో ఆటో నడిపే తండ్రికీ, ఆస్పత్రిలో నర్సు తల్లికీ పుట్టిన దీపికా కుమారి చిన్నప్పుడు చేతికందిన వెదురువిల్లుతోనే మొదలుపెట్టి, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బంగారుపతకం దాకా వెళ్ళింది. ఖరీదైన విల్లు కొనగలిగేదాకా ఆగి ఉంటే ఆ పిల్ల ఎప్పటికి మొదలుపెట్టేదో!

మన వీధిలోకి చేటలూ బుట్టలూ పట్టుకొచ్చే మేదరి ఆవిడతో ఈసారి బేరం ఆడేటప్పుడు, ఆవిడ ఒళ్ళో ఉన్న ఆ చిన్న కత్తికేసి ఒకసారి చూడండి. గడ చీల్చి, లోపలి మెత్తదనం గీకేసి, పైపోగు తెగకుండా బద్ద తీసే ఆ చెయ్యి అర్ధరూపాయి తగ్గించనంటే ఆవిడ తప్పేం లేదు.